ముందు చెవికి, తర్వాత కంటికి: బెంగళూరు వసంతంలో పక్షుల నడకపై మీ ప్రశ్నలు

వసంతంలో పక్షి క్లబ్బులతో కలిసి వెళ్లే ఉదయపు నడకల గురించి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. అన్నీ బెంగళూరులో స్థిరపడిన తెలుగువారివో, పిల్లల దగ్గర ఉండడానికి వచ్చిన పెద్దలవో. ఒకేలా ఉన్న ప్రశ్నలను కలిపి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మాది అనంతపురం. తొమ్మిదేళ్లుగా బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. లాల్‌బాగ్‌లో పక్షి క్లబ్బువాళ్లు ఆదివారం ఉదయం నడకకు వెళతారని మా ఆఫీసులో ఒకాయన చెప్పారు. నాకు కాకి, పావురం, చిలుక తప్ప మరేమీ తెలియదు. నాలాంటివాడు వెళ్లవచ్చా? వసంతంలోనే మొదలుపెట్టమని ఆయన ఎందుకన్నారు?
– ఒక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: తప్పకుండా వెళ్లవచ్చు. కాకి, పావురం, చిలుక తెలుసంటున్నారు కదా, మొదటి రోజుకు ఆ మాత్రం చాలు. తెలియని పక్షిని తెలిసినదానితో పోల్చడంతోనే గుర్తుపట్టడం మొదలవుతుంది. ‘కాకి కన్నా చిన్నది, పిచ్చుక కన్నా పెద్దది, తోక పొడుగు, కొమ్మ మీద నిటారుగా కూర్చుంది’ అని మీరు చెప్పగలిగితే పక్కనున్న అనుభవజ్ఞులు మిగతాది అందుకుంటారు. బర్డ్‌వాచర్స్ ఫీల్డ్ క్లబ్ ఆఫ్ బ్యాంగలోర్ వారు ప్రతి నెలా రెండో ఆదివారం ఉదయం లాల్‌బాగ్‌లో నడిచే ఆనవాయితీని దశాబ్దాలుగా నిలబెట్టుకుంటూ వస్తున్నారు. కలుసుకునే చోటు, వేళ మాత్రం ముందురోజు ఒకసారి కనుక్కొని బయలుదేరండి.

మీ ఆఫీసు మిత్రుడు వసంతమని చెప్పడంలో మంచి ఆలోచన ఉంది. చలికాలమంతా ముభావంగా తిరిగిన స్థానిక పక్షులు, పగటి పొద్దు పెరుగుతున్న కొద్దీ ఒంట్లో హార్మోన్లు మారి, జత కోసం, తమ చోటు తమదని చాటుకోవడం కోసం గొంతు విప్పుతాయి. అదే సమయానికి హిమాలయాల నుంచి, అంతకన్నా ఉత్తరం నుంచి వచ్చిన వలస పక్షులు ఇంకా పూర్తిగా వెళ్లిపోవు, కాబట్టి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ నడుమ ఇంట్లోవాళ్లూ చుట్టాలూ కలిసి కనిపిస్తారు. పైగా బూరుగు, మోదుగ వంటి చెట్లు ఆకు రాల్చి పూలతో నిలబడతాయి. ఆకులు అడ్డురాని కొమ్మ మీద తేనె తాగడానికి వచ్చిన గోరింకను, తేనెపిట్టను కొత్తవారు కూడా తీరిగ్గా చూడగలుగుతారు. మార్గశిరంలో మసకబారి కనిపించే మగ తేనెపిట్ట ఫాల్గుణానికల్లా నీలిరంగు నిగనిగలతో ఉంటుంది.

అయినా ఆ ఉదయం మీరు ముందుగా పక్షిని చూడరు, వింటారు. లాల్‌బాగ్ 240 ఎకరాల తోట, సుమారు 300 కోట్ల ఏళ్ల నాటి రాతిగుట్ట అందులోనే ఉంది. ఆ గుట్ట దాపున ఐదు నిమిషాలు కదలకుండా నిలబడితే ఎక్కడినుంచో ఒక గొంతు ‘కుట్రూ, కుట్రూ’ అని అందుకుంటుంది, మరో చెట్టు నుంచి ఇంకొకటి జవాబిస్తుంది, కాసేపటికి తోటంతా ఆ ఒక్క మాటే నిండిపోతుంది. కన్నడిగులు ఆ అరుపును బట్టే దాన్ని కుట్రు హక్కి అన్నారు. ఆకుపచ్చని ఆకుల్లో ఆకుపచ్చని పక్షి కాబట్టి కదిలితే తప్ప కనిపించదు. దానికి దగ్గరి బంధువు కంసాలి పిట్ట. పిచ్చుక కన్నా కాస్త పెద్దదిగా, నుదుట ఎర్రబొట్టుతో, పసుపుపచ్చని గొంతుతో ఉండి, చెట్టు చిటారున ఎండుకొమ్మ మీద కూర్చొని, రాగిరేకు మీద సుత్తితో కొట్టినట్టు ‘టుక్, టుక్, టుక్’ అని ఆగకుండా పలుకుతుంది. పలుకుతూ తలను అటూ ఇటూ తిప్పుతుంది కాబట్టి శబ్దం ఒకసారి కుడినుంచి, ఒకసారి ఎడమనుంచి వస్తున్నట్టుంటుంది. ఎన్నిసార్లు విన్నా నేను ఇప్పటికీ మొదట తప్పు చెట్టు వైపే చూస్తాను.

క్లబ్బుతో నడవడంలో అసలైన లాభం ఇక్కడే ఉంది. పుస్తకంలో బొమ్మ ఉంటుంది, ఫోనులో మెర్లిన్ వంటి యాప్ శబ్దం విని పేరు కూడా చెబుతుంది. కానీ ఇరవై ఏళ్లుగా ఆ తోటలో తిరిగిన మనిషి మీ భుజం పక్కన నిలబడి, ‘ఇప్పుడు రెండు ముక్కలుగా ‘చి-స్వీ’ అన్నది వినండి, అది గ్రీనిష్ వార్బ్లర్, ఇంకో నెలలో వెళ్లిపోతుంది’ అని చెప్పినప్పుడు ఆ శబ్దం మరిక చెవిని వదలదు. నలభై పేర్లు రాసుకొని తిరిగి రావాలని తొందరపడకండి. మొదటి మూడు నడకల్లో మూడు గొంతులు నేర్చుకుంటే చాలు, అదీ ఒకే తోటలో.

ప్రశ్న: మా అమ్మాయి దగ్గర ఉండడానికి కావలి నుంచి వచ్చాను. వయసు అరవై ఆరు. పల్లెలో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి పసుల పోలిగాడు, గిజిగాడు, తీతువు, జెముడుకాకి, లకుముకి పిట్ట అన్నీ తెలుసు. కానీ ఇంగ్లీషు పేర్లు రావు, కన్నడం అసలే రాదు, మోకాళ్ల నొప్పి కూడా ఉంది. ఆ చదువుకున్నవాళ్ల మధ్య నేను వెళితే బాగుంటుందా?
– ఒక అమ్మమ్మ, జయనగర

జవాబు: అమ్మగారూ, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించినది మీదే. ముందుగా ఒక మాట చెప్పనివ్వండి. ప్రపంచంలో ఏ దేశపు పక్షిశాస్త్రజ్ఞుడైనా ‘పిట్ట’ అనే మాట పలకకుండా తన శాస్త్రం పూర్తిచేయలేడు. రంగురంగుల ఒక పక్షి కుటుంబానికి శాస్త్రంలోనూ ఇంగ్లీషులోనూ ఉన్న పేరు పిట్టా. అది మన తెలుగు పిట్టే. మనం పొన్నంకి పిట్ట అనే పక్షి ఆ కుటుంబంలోనిదే: వీపు ఆకుపచ్చ, రెక్క మీద మెరిసే నీలం, తోక కింద కుంకుమ ఎరుపు. మధ్యభారతంలోనూ హిమాలయపు పాదాల దగ్గరా గూడు కట్టి, చలికాలానికి దక్షిణాదికి వస్తుంది. వస్తూ పోతూ దారిలో బెంగళూరు తోటల్లో కూడా దిగి, రాలిన ఆకులను ముక్కుతో తిరగేస్తూ పురుగులు ఏరుకుంటుంది. పొద్దున్నా సాయంత్రమూ రెండు స్వరాల ఈల వేస్తుంది. తమిళులు దీన్ని ఆరుగంటల పక్షి అనడానికి కారణం అదే.

మీ జిల్లాకు ఈ శాస్త్రంతో ఇంకా దగ్గరి చుట్టరికం ఉంది. 19వ శతాబ్దంలో నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన జెర్డన్ అనే ఆయన అక్కడి యానాదులను అడిగి ప్రకృతి విషయాలు ఎన్నో తెలుసుకున్నాడు. 1862–64 నడుమ అచ్చయిన ఆయన పక్షుల గ్రంథంలో పక్షి పక్కన దాని తెలుగు పేరు కూడా కనిపిస్తుంది. మీరు చెప్పిన పసుల పోలిగాడు కూడా అందులో ఉన్నాడు. కడప జిల్లా చిట్టడవుల్లోని కలివికోడికి ఇంగ్లీషులో ఆయన పేరే పెట్టారు. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986లో మళ్లీ దొరికింది, అదీ దాన్ని పేరుపెట్టి పిలిచే స్థానికుల సాయంతోనే. అందుచేత మీరు తెచ్చే తెలుగు పేర్లను తక్కువ చేసుకోవద్దు. పసుల వీపు మీద సవారీ చేస్తూ, అవి మేస్తుంటే లేచే పురుగులను పట్టే పక్షిని పసుల పోలిగాడు అనడంలో దాని బతుకంతా ఉంది. పసులు కరువైన బెంగళూరులో అది కరెంటు తీగ మీద కూర్చొని అదే పని చేస్తుంది. నడకలో దాన్ని చూసినప్పుడు ఆ పేరు గట్టిగా చెప్పండి. అక్కడ అడిగి రాసుకునేవారు తప్పక ఉంటారు.

మోకాళ్ల సంగతి: పక్షుల నడక వ్యాయామపు నడక కాదు. రెండు గంటల్లో ఒక కిలోమీటరు కూడా సాగకపోవచ్చు, అడుగడుక్కీ ఆగుతారు. గుట్ట ఎక్కే పని పెట్టుకోకుండా చెరువు వైపు ఉండే చదునైన దారిలో వెళ్లి, బెంచీ చూసుకొని కూర్చోండి. నీటికాకి రెక్కలు ఆరబెట్టుకోవడం, పాముమెడ పిట్ట నీళ్లలోంచి మెడ మాత్రమే పైకెత్తడం, గుడ్డి కొంగ ఒడ్డున రాయిలా నిలబడడం కూర్చున్నచోటి నుంచే కనబడతాయి. ఆ గుడ్డి కొంగను ఇప్పుడొకసారి, ఎండలు ముదిరాక ఒకసారి చూడండి. ఇప్పుడు మట్టిరంగు చారలతో ఉన్న వీపు అప్పటికి వక్కపొడి రంగులోకి తిరుగుతుంది.

ప్రశ్న: ఇంజనీరింగ్ చదువుతున్నాను. బైనాక్యులర్ కొనాలని చూస్తే 8×42, 10×50, 20×50 అని రకరకాలున్నాయి. ఎక్కువ అంకె ఉన్నది మంచిదని స్నేహితులు అంటున్నారు. దానికి బదులు కెమెరానే కొంటే సరిపోదా?
– ఒక విద్యార్థి, హెబ్బాళ

జవాబు: మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా కనబడుతుందో, రెండోది ముందువైపు అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో చెబుతాయి. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే కంటికి చేరే వెలుగు వలయం వెడల్పు వస్తుంది: 8×42కు 5 మిల్లీమీటర్ల పైచిలుకు, 20×50కి రెండున్నర. తెల్లవారుజామున, చెట్ల నీడలో ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. అంతేకాక 20 రెట్లు పెంచినప్పుడు మీ చేతి వణుకు కూడా 20 రెట్లు పెరుగుతుంది, కనిపించే మేర ఇరుకై, కొమ్మల్లో గెంతే చిన్న పిట్ట అందులో చిక్కనే చిక్కదు. కొత్తవారికి నా సలహా 8×42. బరువనిపిస్తే 8×32. కళ్లద్దాలుంటే కంటికప్పులను కిందికి తిప్పి, అద్దాలు తీయకుండా చూడండి.

కొన్న రోజునే ఒక పని చేయండి. కుడికన్ను మూసి, మధ్యలో ఉన్న చక్రం తిప్పుతూ ఎడమకంటికి దూరపు బోర్డు మీది అక్షరాలు స్పష్టమయ్యేలా చూడండి. తరువాత ఎడమకన్ను మూసి, చక్రాన్ని ముట్టుకోకుండా కుడికంటి దగ్గరున్న వలయాన్ని మాత్రమే తిప్పి అవే అక్షరాలను స్పష్టం చేసుకోండి. ఇది చేయక తలనొప్పి తెచ్చుకొని, ‘నాకు పడదు’ అని అటకెక్కించినవారు నాకు చాలామంది తెలుసు. ఇక పక్షి కనబడ్డప్పుడు తల దించి బైనాక్యులర్ కోసం వెతక్కండి. చూపు పక్షి మీదే నిలిపి, చేతులతో దాన్ని కంటి దగ్గరికి తెచ్చుకోండి.

కెమెరాను మొదటి ఏడాది వాయిదా వేయమని గట్టిగా చెబుతాను. ఫొటో దొరికిన క్షణంలో చూడడం ఆగిపోతుంది. పక్షి ఏం తింటున్నది, ఎవరితో పోట్లాడుతున్నది, ఎటు ఎగిరింది అన్నవి చిన్న నోటుపుస్తకంలో రాసుకుంటే మీకు ఎక్కువ మిగులుతుంది. అలా రాసుకున్న జాబితాను, పక్షులు చూసేవారు తమ జాబితాలు పంచుకునే ఈబర్డ్ వెబ్‌సైటులో నమోదు చేస్తే పరిశోధకులకూ పనికివస్తుంది.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ వెనుక చెట్టు మీద కోయిల తెల్లవారకముందే మొదలుపెడుతోంది. చలికాలంలో అది ఎక్కడికి వెళ్లింది? పాడేది ఆడదా, మగదా?
– ఒక గృహిణి, విజయనగర

జవాబు: ఎక్కడికీ వెళ్లలేదండీ, ఏడాది పొడుగునా మీ చుట్టుపక్కలే ఉంది, కాకపోతే నోరు మెదపలేదు. ఉగాది దగ్గర పడుతుండగా సంతానం వేళ వస్తుంది కాబట్టి మగది ‘కుహూ’ అంటూ స్వరం పెంచుకుంటూ పోతుంది. నల్లగా నిగనిగలాడుతూ ఎర్రకళ్లతో ఉండేది మగది. ఆడది గోధుమరంగు మీద తెల్లచుక్కలతో ఉంటుంది, దాని అరుపు ‘కిక్-కిక్-కిక్’ అని గరుకుగా ఉంటుంది. అది కాకిగూటిలో గుడ్డు పెడుతుంది. మీ చెట్టు మీద కాకులు గూడు కడుతున్నాయేమో చూడండి. మగకోయిలను కాకులు తరుముతుంటే మాత్రం ఆ గూటిని కొన్నాళ్లపాటు కిటికీలోంచి గమనించవచ్చు. ఆపైన కాకి తన ముక్కుతో కోయిలపిల్లకు మేత పెట్టడం కూడా మీ కంటబడవచ్చు.

ప్రశ్న: ఈమధ్య ఒక బృందంతో నగరం బయటి గడ్డిమైదానానికి వెళ్లాను. అక్కడ ఒకాయన ఫోనులో పక్షి అరుపు పదేపదే మోగించి పక్షిని దగ్గరికి రప్పించి ఫొటోలు తీశారు. మిగతావారు మెచ్చుకున్నారు. నాకు ఎందుకో బాధనిపించింది. నా బాధ సరైనదేనా?
– ఒక ఉపాధ్యాయురాలు, యలహంక

జవాబు: ముమ్మాటికీ సరైనదే. ఆ పక్షి ఫొటో కోసం రాలేదు, తన ఇంటి హద్దులోకి మరో మగపక్షి చొరబడిందనుకొని పోట్లాటకు వచ్చింది. వసంతంలో దానికి గూడు చూసుకోవాలి, జతను కాపాడుకోవాలి, మేత వెతుక్కోవాలి. లేని శత్రువు కోసం అది పావుగంటసేపు పొద పొదకూ తిరిగితే ఆ కాసేపు గుడ్లు చల్లబడవచ్చు, కాకి కన్ను గూటి మీద పడవచ్చు. బాధ్యత గల క్లబ్బులు నడకల్లో దీన్ని ఒప్పుకోవు. మీ బృందంలో ఎవరైనా మళ్లీ మొదలుపెడితే, నడిపించేవారి దగ్గరికి వెళ్లి ఆపమని అడగండి. వారు ఆపకపోతే ఇంకో బృందాన్ని చూసుకోండి.

గడ్డిమైదానమంటున్నారు కాబట్టి నేల గురించి కూడా చెబుతాను. కొన్నేళ్ల క్రితం హెసరఘట్ట వైపు ఒక ఏప్రిల్ ఉదయాన దారి తప్పించుకొని బీడులోకి నడిచాను. రెండు తీతువులు నా తల మీద చక్కర్లు కొడుతూ గొంతు చించుకున్నాయి. అవి ఎప్పుడూ అరుస్తూనే ఉంటాయి కదా అనుకొని ఇంకో నాలుగడుగులు వేశాను. వెంట ఉన్న పెద్దాయన చేయి పట్టి ఆపి, కాలి ముందు చూపించారు. బూటుకు జానెడు దూరంలో, గులకరాళ్లు పేర్చిన చిన్న గుంటలో, సన్నని మొనలు లోపలికి పెట్టి నాలుగు గుడ్లున్నాయి. మట్టిరంగు మీద నల్లమరకలు. చూపించాక కూడా ఒకసారి కన్ను తిప్పితే మళ్లీ రాళ్లలో కలిసిపోయాయి. ఆ రోజు నుంచి తీతువు అరిస్తే ఆగి, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వెళ్లడం అలవాటు చేసుకున్నాను. మండుటెండలో తీతువు నీళ్లలో పొట్ట తడుపుకొని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. మనం అక్కడ నిలబడి ఉన్నంతసేపూ అది రాలేదు.

గూడు కనబడితే దాని చోటును వాట్సాప్‌లో పంపకండి, కొమ్మలు విరిచి దారి చేయకండి. గుడ్లను, గూళ్లను పాడుచేయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడాను.

ప్రశ్న: ఎనిమిదేళ్లు, పదకొండేళ్ల పిల్లలున్నారు. క్లబ్బువారితో కలిసి ఊరు దాటి ఒక్కరోజు ప్రయాణం చేయాలనుకుంటున్నాం. నంది కొండలా, రంగనతిట్టా, కొక్కరె బెళ్లూరా?
– ఒక దంపతులు, బనశంకరి

జవాబు: పిల్లలతో అయితే నా ఓటు కొక్కరె బెళ్లూరుకే. నంది కొండలు 1,478 మీటర్ల ఎత్తున చల్లగా ఉంటాయి. దక్షిణాది రాతికొండల్లో తప్ప దొరకని పసుపుగొంతు పికిలిపిట్ట అక్కడ ఉంది కానీ, దాని కోసం ఓపికగా నిలబడాలి. పిల్లలకు అది రెండో ఏటి పాఠం. రంగనతిట్టు కావేరి నడుమ చిన్న చిన్న దిబ్బలు. పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ సూచన మీద 1940లో సంరక్షణ కేంద్రమైంది. పడవలోంచి గూళ్లను దగ్గరగా చూపిస్తారు, మొసళ్లు కూడా కనిపిస్తాయి. అయితే సెలవు రోజుల్లో జనం ఎక్కువ.

కొక్కరె బెళ్లూరు మద్దూరు దగ్గరి పల్లె, బెంగళూరుకు సుమారు 80 కిలోమీటర్లు. కన్నడంలో కొక్కరె అంటే కొంగ. అక్కడ గూడబాతులు (పెలికన్లు), ఎర్రకాళ్ల కొంగలు ఊరి నడుమ చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. ఇంటి పెరట్లో, గుడి పక్కన, బావి మీద, ఎటు చూసినా అవే. ఏటా వచ్చే ఆ పక్షులను ఊరివారు పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు, రెట్టలను పొలాలకు ఎరువుగా వాడుకుంటారు. గూటినుంచి జారిపడిన పిల్లలను ఊరి యువకుల బృందం, హెజ్జార్లె బళగ, చేపలు పెట్టి సాకుతుంది. హెజ్జార్లె అంటే వారి భాషలో గూడబాతు. మన నేలపట్టు పక్షుల కేంద్రాన్ని చూసినవారికి ఈ పక్షి కొత్త కాదు కానీ, ఇంత దగ్గరగా, మనుషుల ఇళ్ల మీద చూడడం కొత్త. మీ పిల్లలు ఒక్క చెట్టు కిందే గంటసేపు గడపగలరు. తల్లి గొంతు సంచిలోకి పిల్ల తలను పూర్తిగా దూర్చి చేపను లాక్కునే దృశ్యం చూశాక వారిని అక్కడినుంచి కదిలించడం మీకే కష్టమవుతుంది.

తెల్లవారకముందే బయలుదేరి ఏడు, ఏడున్నరకల్లా చేరండి. టోపీలు, నీళ్లు, మట్టిరంగు బట్టలు చాలు. ఎవరి పెరట్లోకైనా అడిగే వెళ్లండి, వారు తప్పక రమ్మంటారు. ఎండ నెత్తికెక్కేసరికి కొంగలు గూటి అంచున నిలబడి, రెక్కలు కిందికి వాల్చి పిల్లలకు నీడ పడతాయి. కింద సందడి పెరిగితే బెదిరి లేచిపోతాయి, పిల్లలు ఎండలో మిగిలిపోతాయి. అందుచేత పదిన్నరకల్లా చెట్ల కిందినుంచి బయటికి వచ్చి, ఊరి చివర ఎక్కడైనా నీడ చూసుకొని మీ టిఫిన్ డబ్బాలు విప్పండి.